పురుగు తినేది కర్రను కాదు, కర్రలోని పిండిని

"మంచం కొని ఆరు నెలలైనా కాలేదు. రోజూ పొద్దున్నే కోళ్ల దగ్గర పొడి రాలుతోంది. చెదలమందు కొట్టించినా ఆగలేదు. ఎందుకని?" అని ఒక పాఠకురాలు రాశారు. మంచం రబ్బరు కర్రదట. ఆ ఒక్క మాటలోనే సగం జవాబు ఉంది.

ఇది చెదల పని కాదు. మన ఇళ్లలో మామూలుగా పట్టే చెదలు మట్టితో దారులు కట్టుకుని వస్తాయి. కర్రకు ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు, వాటి కింద గోధుమపిండిలాంటి మెత్తటి పొడి కనిపిస్తే అది లిక్టస్ అనే పెంకుపురుగు. ఆ చిల్లు అది లోపలికి వెళ్లిన దారి కాదు, ఎదిగి బయటికి వచ్చిన దారి. తినడమంతా లార్వాగా ఉన్నప్పుడే అయిపోయింది.

ఏం తింది? కర్రలో ఎక్కువ భాగం సెల్యులోజ్. లిక్టస్ లార్వాకు అది అరగదు, పొడిగా బయటికి వచ్చేస్తుంది. దానికి కావలసింది చెట్టు దాచుకున్న పిండిపదార్థం, చక్కెరలు, కాస్త ప్రోటీను. చేవదేరిన భాగంలో ఆ నిల్వ ఉండదు. అందుకే టేకులో తెల్లకర్రను తొలిచే పురుగు చేవ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. రబ్బరు చెట్టుకేమో చెప్పుకోదగ్గ చేవ ఏర్పడదు, పిండి మాత్రం దండిగా ఉంటుంది.

తల్లిపురుగు పరీక్ష ఇంకా అద్భుతం. ముందు కర్రను కొరికి చూస్తుంది. నచ్చితే, చెట్టు బతికున్నప్పుడు నీళ్లు మోసిన నాళంలోకి సన్నటి గొట్టం దించి గుడ్లు పెడుతుంది. నాళం గొట్టంకన్నా ఇరుకైతే పిండి ఎంత ఉన్నా లాభం లేదు. దేవదారు, పైన్ చెట్లకు అసలీ నాళాలే లేవు, వాటి జోలికి లిక్టస్ పోదు.

ఇంగ్లండులోని ప్రిన్సెస్ రిస్‌బరో కలప పరిశోధనశాలలో ఇ.ఎ. పార్కిన్ 1930లలో ఈ రెండు షరతులనూ వివరంగా పరిశీలించారు. ఆ దశకంలోనే తేలిన మరో సంగతంటే నాకు ప్రాణం. నరికిన చెట్టు వెంటనే చావదు! తెల్లకర్రలోని కణాలు కొన్నాళ్లు బతికే ఉండి, శ్వాసిస్తూ, ఉన్న పిండిని తామే ఖర్చు చేసేస్తాయి. కోసిన వెంటనే పలకలను బట్టీలో ఆరబెడితే ఆ కణాలు చచ్చిపోయి పిండి అలాగే మిగిలిపోతుంది. బట్టీలో ఆరిన కర్రకు ఇక పురుగు పట్టదనుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే. వేడికి అప్పుడున్న గుడ్లు చస్తాయి గానీ, తర్వాత వచ్చే పురుగుకు తిండి సిద్ధంగానే ఉంటుంది.

వెదురును వారాల తరబడి నానబెట్టే పాత పద్ధతిలోని కిటుకూ ఇదే, చక్కెరలు, పిండి తగ్గుతాయి. అమావాస్యకు కొట్టిన వెదురు పుచ్చదంటారు. చూడాల్సింది చంద్రుణ్ని కాదు, ఋతువును. వానాకాలంలో కొత్త పిలకలను ఎదిగించడానికి పాత బొంగుల్లోని పిండి ఖర్చవుతుంది.

మీరే చూడొచ్చు. తాజాగా కోసిన కర్ర కొసమీద టించర్ అయోడిన్ చుక్క వేయండి. నల్లటి నీలం తిరిగితే పిండి ఉన్నట్టే.

ఇక మందుల మాట. ఈ పురుగుకు నేలలో చిల్లులు వేసి చెదలమందు పోయడం దండగ. చిన్న వస్తువైతే నడిమి భాగం దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలి. బోరాక్స్, బోరిక్ ఆసిడ్ ద్రావణం పాలిష్ లేని కర్రకే ఇంకుతుంది. వార్నిష్ కొత్త గుడ్లను ఆపుతుంది, లోపలున్నవి దాన్నీ కొరుక్కుని బయటపడతాయి. రబ్బరు కర్రను కోసిన వెంటనే బోరాన్‌తో శుద్ధి చేయాలని కలప వ్యాపారులకు ఎప్పటినుంచో తెలుసు. అయినా శుద్ధి చేయని సరుకు బజారుకు వస్తూనే ఉంది. కొనేటప్పుడు అడగండి, రశీదు మీద రాయించుకోండి.