చక్రం కింద దిమ్మ లేని 13 సెకన్లు

ఘాట్ రోడ్డు మీద లారీ ఆగిందంటే క్లీనర్ ముందు కిందికి దూకి టైరు కింద రాయి పెడతాడు. హ్యాండ్ బ్రేకు వేసే ఉంటుంది. అయినా పెడతాడు. విమానానికి ఆ రాయి పని చేసేవి చోక్స్, అంటే చక్రాలకు ఆనించే దిమ్మలు. 2007 నవంబర్ 15న ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో అవి లేకుండానే 75 మీటర్ల పొడవున్న ఒక ఎయిర్‌బస్ ఏ340-600 నాలుగు ఇంజన్ల శక్తినీ ఒకేసారి పెంచి చూశారు. విమానం కొత్తది, ఎతిహాద్ సంస్థకు అప్పగించాల్సింది. ఆయిల్ ఎక్కడైనా కారుతోందేమో తెలుసుకోవడానికి ఆ పరీక్ష.

ఈ రకం ఇంజన్ ఒక్కొక్కటీ పూర్తి శక్తితో సుమారు 25 టన్నుల బలంతో ముందుకు తోస్తుంది. నాలుగూ కలిస్తే 100 టన్నులు. ఆ రోజు అంత వాడలేదు. కానీ వాడినది పార్కింగ్ బ్రేకు పట్టి ఉంచగలిగే హద్దు దాకా వెళ్లింది. సుమారు 3 నిమిషాలు బ్రేకు ఆపింది. ఆ తర్వాత విమానం కదిలింది.

కదిలిన 13 సెకన్లకు ఇంజన్ల గాలిని అడ్డుకునే కాంక్రీటు గోడను ఢీకొట్టి పైకెక్కింది. అప్పటికి వేగం 31 నాట్లు, అంటే గంటకు 57 కిలోమీటర్లు. వేగం ఒకే తీరుగా పెరిగిందనుకుని లెక్క వేస్తే ఆ 13 సెకన్లలో అది పరుగెత్తింది 100 మీటర్ల పైచిలుకు. లోపలున్న 9 మందికీ గాయాలయ్యాయి, వారిలో నలుగురికి తీవ్రంగా. ముక్కు భాగం విరిగింది. ఒక్క ప్రయాణికుడినీ మోయకుండానే ఆ విమానం తుక్కయింది.

ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ నివేదికలో నన్ను కుదిపిన మాట ఒకటుంది. విమానం కదలగానే పరీక్ష చేస్తున్న టెక్నీషియన్ ధ్యాసంతా బ్రేకుల మీదికే పోయింది. ఇంజన్ల శక్తి తగ్గించాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. లీవర్లు చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆగి ఉందనుకున్న బండి హఠాత్తుగా కదిలితే ఎవరి కాలైనా బ్రేకు మీదికే వెళ్తుంది. దిమ్మలు పెట్టమన్నది అందుకే. మనిషి తడబడే ఆ కాసేపు చక్రాన్ని అవి పట్టుకుంటాయి. విధానం పక్కకు జరిగినప్పుడు పట్టుకుని సరిదిద్దే ఏర్పాటు లేకపోవడాన్నీ ఆ నివేదిక ఎత్తి చూపింది. నా దృష్టిలో అసలు లోపం అదే.

సరుకుల విమానమైనా, ప్రయాణికులదైనా నేల మీద ఇంజన్ తిరుగుతోందంటే ప్రమాదం అక్కడే ఉన్నట్టు. కదిలే విమానం సంగతి అలా ఉంచితే, దగ్గరికి వచ్చిన మనిషిని ఇంజన్ లోపలికి లాగేస్తుంది. 2015 డిసెంబర్ 16 రాత్రి ముంబైలో హైదరాబాద్‌కు బయల్దేరబోతున్న ఎయిర్ ఇండియా విమానం, సిబ్బంది పూర్తిగా పక్కకు తప్పుకోకముందే కదిలింది. ఒక టెక్నీషియన్ ఇంజన్‌లోకి పోయి మరణించాడు.

2022 డిసెంబర్ 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో జరిగింది మరీ బాధాకరం. విమానం తోకలో కరెంటు ఇచ్చే చిన్న ఇంజన్ పనిచేయడం లేదు. అందుకని బయటి కరెంటు తగిలించేదాకా పెద్ద ఇంజన్లను ఆపరని సిబ్బందికి ముందే చెప్పారు. విమానం రావడానికి 10 నిమిషాల ముందు ఒకసారి, వచ్చే ముందు మరోసారి. ఇంజన్ ఆపేముందు 2 నిమిషాలు చల్లబడనివ్వాలి కూడా. ఇంజన్లు పూర్తిగా ఆగకముందే ఒక ఉద్యోగిని తిరుగుతున్న ఎడమ ఇంజన్ ముందుకు నడిచింది. ఆమె ప్రాణం పోయింది. ఆమె పనిచేసిన సంస్థకు కార్మిక భద్రతా శాఖ వేసిన జరిమానా 15,625 డాలర్లు.