సున్నం కంట్లో పడితే ముందు నీళ్లు, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రి

బత్తాయి, నిమ్మ తోటల్లో బంక తెగులుకు బోర్డో పేస్టు పూసే రైతులు ఈ విషయం తప్పక తెలుసుకోవాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీరు: ఈ కొలతలు మీకు తెలిసినవే. సున్నం కంట్లో పడితే ఏం చేయాలో మాత్రం చాలామందికి తెలియదు.

ఒక తోటలో రైతులకు చూపించడానికి నేనే రాతి సున్నం మీద నీళ్లు పోశాను. అది ఉడుకుతూ చిటపట ఎగిరి నా కుడి కంట్లో పడింది. పాతికేళ్లుగా అద్దాలు పెట్టుకోమని మీకు చెప్పే నేను, ఆ రోజు నా అద్దాలు బండి డిక్కీలోనే ఉంచాను.

ఒకరు ఆముదం చుక్క వేద్దామన్నారు. ఇంకొకరు నిమ్మరసంతో సున్నం విరుగుతుందన్నారు. రెండూ చేయకూడదు, నిమ్మరసం కంటికి మరో గాయం చేస్తుంది. తోట రైతు మాత్రం ఎవరి మాటా వినకుండా నన్ను బోరు దగ్గర పక్కకు పడుకోబెట్టి చెంబుతో ధార పోశాడు. మీరూ అదే చేయాలి. దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండాలి, లేకపోతే సున్నపు నీళ్లు రెండో కంట్లోకి పోతాయి. మంటకు కన్ను మూసుకుపోతుంది కాబట్టి రెప్పలను వేళ్లతో విడదీసి పట్టుకోవాలి. శుభ్రమైన నీటితో, మెల్లగా, కనీసం 20 నుంచి 30 నిమిషాలు కడగాలి. బోరు పైపును నేరుగా కంటికి పెట్టొద్దు.

తర్వాత ఆటోలో, దారి పొడవునా క్యాను నీళ్లు పోస్తూనే, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లారు. నిజం చెప్పాలంటే అక్కడ చీటీకి, లైనుకే గంట పోతుందనుకున్నాను. సున్నం అనగానే నర్సమ్మ "చీటీ తర్వాత రాయించండి" అని మంచం మీద పడుకోబెట్టి కంట్లోకి సెలైన్ ధార పెట్టింది. డాక్టరమ్మ వచ్చి కింది రెప్పకు ఒక చిన్న రంగు కాగితం ఆనించారు. మన లిట్మస్ కాగితం లాంటిదే! ఉదజని సూచిక 7 దగ్గరకు వచ్చేదాకా, రెండో సీసా అయ్యేదాకా సెలైన్ ఆపలేదు.

ఆ తర్వాత పై రెప్పను తిరగేసి దూది పుల్లతో రెండు సున్నపు పలుకులు తీశారు. అవి అక్కడే ఉంటే ఎంత కడిగినా సున్నం ఊరుతూనే ఉండేదట. ఆమ్లం చాలావరకు పైపొరను గడ్డకట్టించి అక్కడే ఆగుతుంది, సున్నం లాంటి క్షారం కణజాలాన్ని కరిగిస్తూ లోపలికి దిగుతుంది. అందుకే మంట తగ్గినా ప్రమాదం తగ్గినట్టు కాదు. రంగు చుక్క వేసి నీలి కాంతిలో చూసి, పైపొర మాత్రమే లేచిందన్నారు. మందులు అక్కడే ఇచ్చారు, పైసా తీసుకోలేదు. మర్నాడు, నాలుగో రోజు మళ్లీ చూశారు. పది రోజులకు మందు డబ్బా మీది చిన్న అక్షరాలు ఎప్పటిలా చదవగలిగాను.

బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. పురుగుమందు పడినా ఇలాగే కడిగి, ఆ డబ్బాను కూడా డాక్టరుకు చూపించండి. వరి ముల్లు గుచ్చుకుంటే మాత్రం మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు. ఆ గాయంలో బూజు తెగులు పెరగవచ్చు, స్టెరాయిడ్ చుక్కలు దాన్ని ఇంకా ముదరబెడతాయి. సున్నం తడిపే చోట రెండు బిందెల మంచినీళ్లు, ఒక చెంబు ముందే పెట్టుకోండి. అద్దాలు కూలీలకు కూడా ఇవ్వాలి.