నిద్రపుచ్చడం అంటే ఏమిటి?

ఆపరేషన్ ఉన్న రోగి బంధువులు వార్డులో "పుట్ టు స్లీప్", "సెడేట్", "అనస్తీషియా" వంటి ఇంగ్లీషు మాటలు వింటుంటారు. అన్నీ నిద్రపుచ్చడమేనని అనుకుంటారు. కాని వీటి మధ్య చాలా తేడా ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఆపరేషన్‌కు సిద్ధం చేసిన నాలుగేళ్ళ బాబుకు వాళ్ళ అమ్మమ్మ గ్లాసుడు పాలు పట్టింది. "నిద్రపుచ్చుతామన్నారు కదా సిస్టరమ్మా, కడుపు నిండితే బాగా పడుకుంటాడని పట్టాను" అన్నది. మేము చెప్పిన మాట ఆమెకు అలా అర్థమైంది. దాచకుండా చెప్పింది కాబట్టి ఆపరేషన్ మరునాటికి వాయిదా వేశాం. బాబు క్షేమంగా ఇంటికి వెళ్ళాడు.

1. లల్, రాక్ టు స్లీప్: జోకొట్టడం, ఊయల ఊపడం. ఇది సహజమైన నిద్ర. తట్టి లేపితే బిడ్డ లేస్తాడు.

2. సెడేట్: శాంతపరచడం అనే అర్థంగల లాటిన్ మాట నుండి వచ్చింది. మందు ఇచ్చి, ఆందోళన తగ్గించి, మగతగా ఉంచడం. మోతాదును బట్టి రోగి పిలిస్తే పలకవచ్చు, పలకకపోవచ్చు. వెంటిలేటర్ మీద ఉన్నవారికి తరచుగా ఇస్తారు.

3. పుట్ టు స్లీప్, పుట్ అండర్: పూర్తి మత్తు, అంటే జనరల్ అనస్తీషియా. అనస్తీషియా అంటే గ్రీకులో స్పర్శ లేకపోవడం. 1846లో అమెరికా డాక్టరు ఆలివర్ వెండెల్ హోమ్స్ ఈ పేరు సూచించారు. ఈ స్థితిలో నొప్పి తెలియదు, దగ్గు కూడా రాదు. కడుపులో పాలు, అన్నం ఉంటే పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోవచ్చు. అది ప్రాణాపాయం.

ఇంగ్లీషువారు జబ్బుపడిన పెంపుడు కుక్కను ఇంజెక్షన్‌తో చంపించడాన్ని కూడా "పుట్ టు స్లీప్" అంటారు. అందుకే పిల్లల దగ్గర ఆ మాట జాగ్రత్తగా వాడతారు. మీరు బిడ్డతో, "డాక్టరు గారు మందు ఇస్తారు, నొప్పి తెలియదు, పని అయ్యాక మందు ఆపి నిన్ను లేపుతారు" అని చెప్పండి.

గుర్తుంచుకోండి: సాధారణంగా తేలికైన ఆహారం, గేదె పాలు, ఆవు పాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపాలి. నూనె పదార్థాలు, మాంసం ఇంకా ముందే ఆపాలి. మీ డాక్టరు వేరే సమయం చెబితే అదే పాటించండి. పొరపాటున ఏమైనా పెట్టి ఉంటే వెంటనే నర్సుకు చెప్పండి. ఎవరూ కోప్పడరు. ఒక రోజు ఆలస్యమైనా మీ మనిషి క్షేమంగా ఉండటమే ముఖ్యం.