కాన్పు గది బయట కూర్చున్న ఇంకో అమ్మ

ఇన్‌స్టాలో ఇలాంటి రీల్స్ మీకూ కనపడే ఉంటాయి. అమెరికాలో ఏదో ఆసుపత్రి. మంచం మీద నొప్పులు పడుతున్న అమ్మాయి, పక్కనే ఆమె చెయ్యి పట్టుకుని ఇంకొకావిడ. బిడ్డ ఏడవగానే ఇద్దరూ ఏడుస్తారు. చెయ్యి పట్టుకున్నావిడే ఆ బిడ్డను పెంచబోయే తల్లి. అక్కడ దీన్ని ఓపెన్ అడాప్షన్ అంటారు. పెంచేవాళ్లను కన్నతల్లే, కడుపుతో ఉన్నప్పుడే ఎంచుకుంటుంది. తర్వాత కూడా ఫొటోలు, ఫోన్లు, రాకపోకలు నడుస్తుంటాయి. 2007లో వచ్చిన జూనో సినిమా చూసినవాళ్లకు ఈ కథ సగం తెలిసినట్టే.

ఇదేం చోద్యం అనిపిస్తుంది మనకు. కానీ అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఊళ్లలో కాసేపు పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. చెల్లెలి బిడ్డను అక్క పెంచుకుందనో, తమ్ముడి కొడుకును అన్న తెచ్చుకున్నాడనో ఒక ముచ్చట ఎక్కడో తగులుతుంది. కన్నవాళ్లెవరో బిడ్డకు తెలుసు, ఊరికీ తెలుసు. పండక్కి రెండిళ్లలోనూ బట్టలు కొంటారు. దీనికి మనవాళ్లు స్టైలుగా పేరేమీ పెట్టలేదు, పెంపకం అన్నారంతే. దేవకీ యశోదల కథ కూడా ఇంత ఓపెన్ కాదు. పాపం, ఒళ్లో ఉన్నది ఎవరి బిడ్డో యశోదకి తెలియదు కదా!

సరే, ఒక అక్క, ఒక చెల్లెలు అనుకోండి. ఊరు అనంతసాగరమే అనుకుందాం. అక్కకు పెళ్లయి పదేళ్లు, నెల్లూరు, చెన్నై డాక్టర్ల చుట్టూ తిరిగి అలిసిపోయింది. చెల్లెలికి ఇద్దరు పిల్లలు, ఇప్పుడు మూడో కాన్పు. ఏందక్కా, నా బిడ్డ నీ బిడ్డ కాదా, నువ్వే పెంచుకో అనింది చెల్లెలు. ఐదో నెలలో అన్న మాట అది. నొప్పులొచ్చాయి, 108లో ఆత్మకూరుకు తీసుకెళ్లారు, అక్క వరండాలో కూర్చుంది. ఇప్పుడేం జరగాలి?

మొదటి చిక్కు ఆ గది గుమ్మం దగ్గరే వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో గర్భిణికి తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ఆ తోడు మనిషి ఆడ బంధువై ఉండాలి, వీలైతే తానూ ప్రసవం చూసినదై ఉండాలి అన్నారు. ధైర్యం చెప్పడానికి అనుభవం ఉన్న మనిషి మేలని వాళ్ల ఉద్దేశం కావచ్చు. కానీ మన అక్క సంగతి ఆలోచించండి. పిల్లలు పుట్టలేదనే కదా ఆమె అక్కడికి వచ్చింది! ఆ వీలైతే అన్న మాటే ఆమెకు ఆధారం. లోపలికి ఎవరు రావాలో చెల్లెలు ముందే సిస్టర్‌కి చెప్పి ఉంచితే మంచిది. అప్పటికప్పుడు అక్క వద్దు, అమ్మ కావాలి అనిపిస్తే అలాగే కానివ్వాలి. ఆ రోజు ఆమె మాటే చెల్లాలి.

లోపల బిడ్డ ఏడుపు వినపడింది. ఇప్పుడు వరండాలో ఉన్న అక్క గుండెల్లో ఇంకో భయం మొదలవుతుంది. చెల్లెలు ఇప్పుడు ఇయ్యనంటే?

అనొచ్చు. ఆ హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. హిందువులకు వర్తించే 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం బిడ్డను నిజంగా ఇవ్వడం, పుచ్చుకోవడం జరిగితేనే దత్తత. కడుపులో ఉన్నప్పుడు ఇచ్చిన మాట, రాసుకున్న కాగితం దత్తత కిందికి రావు. దత్త హోమం తప్పనిసరి కాదని చట్టంలోనే రాసి ఉంది. మామూలుగా రెండు జంటల్లోనూ నలుగురూ ఒప్పుకోవాలి. ఇంట్లో ఇప్పటికే కొడుకుంటే ఇంకో కొడుకును, కూతురుంటే ఇంకో కూతుర్ని దత్తత తీసుకోవడానికి ఈ చట్టం ఒప్పుకోదు. డబ్బు చేతులు మారితే నేరం. అన్నిటికంటే పెద్ద సంగతి, చట్టప్రకారం ఒకసారి జరిగిన దత్తతను రద్దు చేసుకోలేరు. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోలేరు, తీసుకున్నవాళ్లు వదిలించుకోలేరు.

బంధువులు కానివాళ్లకు బిడ్డను అప్పగించే దారి వేరు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద తల్లిదండ్రులు బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి 60 రోజులు గడువిస్తారు. ఆ రోజులు గడిచాకే బిడ్డ దత్తతకు సిద్ధమని ప్రకటిస్తారు. పెంచేవాళ్లెవరో కన్నవాళ్లకు చెప్పరు. కాబట్టి ఆ దారిలో కాన్పు గది దగ్గర నిలబడే ప్రశ్నే రాదు. మన అక్కాచెల్లెళ్ల దారిలో మాత్రం అలాంటి గడువేమీ లేదు. కాన్పయిన మర్నాడే సంతకం పెట్టించుకున్నా అడ్డుపడే నియమం లేదు.

నన్నడిగితే ఇదే పెద్ద బగ్. పరాయివాళ్లకు ఇచ్చే తల్లికి రెండు నెలలు ఆలోచించుకునే టైముంది, సొంత అక్కకు ఇచ్చే తల్లికి ఒక్క రోజూ లేదు. పైగా ఒత్తిడి ఇక్కడే ఎక్కువ. పరాయివాళ్లకైతే కాదని చెప్పొచ్చు. పదేళ్లుగా ఏడుస్తున్న అక్క చేతిలో కొత్త ఉయ్యాల గుడ్డతో ఎదురుగా కూర్చుని ఉంటే, నాకు ఇయ్యబుద్ధి కావట్లేదు అని ఏ చెల్లెలు అనగలదు? అమెరికాలోనూ ఈ వాదన ఉంది. పెంచబోయే వాళ్లు కాన్పు గదిలో ఉంటే కన్నతల్లికి మనసు మార్చుకునే చోటు మిగలదని అక్కడ కొందరు గట్టిగానే అంటారు.

చట్టంలో లేని గడువును ఇంట్లోవాళ్లు పెట్టుకోవచ్చు. ఆ 60 రోజులనే అరువు తెచ్చుకోండి. బిడ్డ చెల్లెలి దగ్గరే ఉండనీ, అక్క వచ్చి పోతూ ఉండనీ. మూడో రోజుకో నాలుగో రోజుకో పాలు పడతాయి. బిడ్డ పక్కన ఉన్నా లేకపోయినా పడతాయి. పచ్చి బాలింతకు పథ్యం, నిద్ర, పక్కన ఒక మనిషి కావాలి. బిడ్డతో పాటు ఇంటిల్లిపాదీ అక్క ఇంటికి వెళ్లిపోతే, ఖాళీ చేతులతో మిగిలిన చెల్లెలికి కారప్పొడి కలిపి పెట్టేదెవరు? ఆమె దిగులుగా ఉంటే సర్దుకుంటుందిలే అని వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇంకో అడ్డదారి గురించి కూడా చెప్పాలి. చెల్లెల్ని అక్క పేరుతో ఆసుపత్రిలో చేర్పిస్తే బర్త్ సర్టిఫికెట్ నేరుగా అక్క పేరుతోనే వస్తుంది కదా అని తెలివైన సలహా ఇచ్చే మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ఆ మనిషి మాట వినకండి. ఇది తప్పుడు నమోదు, నేరం. పైగా కేస్ షీట్‌లో ఒక మనిషి పేరు, మంచం మీద ఇంకో మనిషి ఉంటే, పాత రిపోర్టులు, బ్లడ్ గ్రూప్ తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకు స్కూల్ అడ్మిషన్ నుంచి పాస్‌పోర్ట్ దాకా పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. అలాంటి కాగితాన్ని అబద్ధంతో మొదలుపెట్టొద్దు. పుట్టుక కన్నవాళ్ల పేరుతోనే రాయించండి. తర్వాత రెండువైపులా సంతకాలతో దత్తత పత్రం రాసి రిజిస్టర్ చేయిస్తే, దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు భావిస్తుంది, కాదన్నవాళ్లే రుజువు చేసుకోవాలి. సర్టిఫికెట్‌లో మార్పులకు ఆ పత్రమే దారి.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు 1956 చట్టం వర్తించదు. వాళ్లు జువెనైల్ జస్టిస్ చట్టంలో బంధువుల దత్తత కింద, కారా పోర్టల్ ద్వారా వెళ్లొచ్చు. పిన్ని, పెద్దమ్మ, బాబాయి, మేనత్త, మేనమామ, తాతా అవ్వలు ఆ బంధువుల లెక్కలోకి వస్తారు. 2022 సెప్టెంబర్ నుంచి ఆ ఉత్తర్వు కోర్టు బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు.

అక్కాచెల్లెళ్లు కానప్పుడు కథ ఎలా మారుతుందో 2024 మేలో హైదరాబాద్ శివారు మేడిపల్లిలో చూశాం. పసిబిడ్డల్ని అమ్ముతున్న ముఠాను రాచకొండ పోలీసులు పట్టుకున్నారు. లక్షలు పోసి కొనుక్కుని పెంచుకుంటున్న ఇళ్ల నుంచి పదిమందికి పైగా పిల్లల్ని తీసుకెళ్లారు. అమ్మా అని పిలవడం నేర్చిన పిల్లలు, వదలనని పట్టుకున్న తల్లులు. ఆ గొడవ కోర్టులకెక్కింది. బిడ్డల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష జరిమానా. ఆసుపత్రి సిబ్బందే చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. ఫలానా నర్సింగ్ హోమ్‌లో ఒకమ్మాయి బిడ్డను వద్దనుకుంటోంది, ఖర్చులిస్తే చాలు అని ఎవరైనా ఫోన్ చేస్తే 1098కి చెప్పండి.

మళ్లీ మన అక్క దగ్గరికి వద్దాం. రెండు నెలలయ్యాయి, చెల్లెలు మనస్ఫూర్తిగానే ఇచ్చింది, పత్రం రిజిస్టర్ అయింది. బిడ్డ పెరుగుతూ కన్నతల్లిని పిన్ని అంటుంది. చెప్పాలా, దాచాలా? అనాథగానో, కమిటీకి అప్పగించగానో దత్తతకెళ్లిన పిల్లలు పెద్దయ్యాక తమ మూలాలు వెతుక్కోవడానికి దత్తత నిబంధనల్లో దారి ఉంది, కన్నతల్లి ఇష్టపడకపోతే అదీ అక్కడే ఆగుతుంది. మన బిడ్డకు అంత వెతుకులాట అక్కర్లేదు. పిన్ని పక్క వీధిలోనే ఉంది. మాటలు వచ్చినప్పటి నుంచే తెలిస్తే అది మామూలు విషయమైపోతుంది. పదిహేనేళ్లకు ఏ గొడవలోనో ఇంకెవరి నోటో వింటే పిడుగు పడ్డట్టవుతుంది. దాచడం కూడా ఎల్లకాలం కుదరదు. దత్తతతో ఇంటి పేరు, వారసత్వం మారినా, పెళ్లి వరసల్లో మాత్రం పుట్టిన ఇంటి నిషేధాలన్నీ అలాగే ఉంటాయని అదే 1956 చట్టం చెబుతోంది. మేనరికాలు మామూలైన మన వైపు, సంబంధం చూసే రోజున ఎవరో ఒకరు వరసలు లెక్కపెట్టడం మొదలుపెడతారు.