గుండెనొప్పి వచ్చినవేళ ప్రక్కనున్నవారి పని



పైరునకు తెగులు సోకినప్పుడు మందు తెచ్చులోపల మనము గట్టుమీద చేతులు కట్టుకొని కూర్చుండము. మడిలో నీరు తీయుదుము, ఆకు త్రిప్పి చూతుము, ప్రక్క మడికి ప్రాకకుండ కాపాడుదుము. ఇంటిలోని మనిషికి గుండెలో బాధ కలిగినప్పుడు మాత్రము, వాహనము వచ్చువరకు చేయదగినది ఏమియు లేదని తలచి వీధిలోనికిని ఇంటిలోనికిని తిరుగుచు కాలము గడుపుచున్నాము. ఆ కాలము వట్టి కాలము కాదనియు, భార్యకు భర్తయు, భర్తకు భార్యయు అప్పుడు చేయవలసిన పని చాల కలదనియు తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన ప్రాంతమున ఈ సంగతి మరింత ముఖ్యము. టెక్కలినుండి శ్రీకాకుళము సుమారు 50 కిలోమీటర్లు. అచ్చటినుండి విశాఖపట్టణము మరి నూరు కిలోమీటర్లకు పైగా ఉన్నది. ఉద్దానపు పల్లెలలో పెద్ద రోడ్డు చేరుటకే కొబ్బరితోటల నడుమ ఇసుక దారిని పోవలయును. గుండెకు రక్తము తీసికొనిపోవు నాళములో గడ్డ అడ్డుపడినచో, గడచిన ప్రతి నిమిషమునకును గుండె కండ కొంత చచ్చుచుండును. గడ్డను కరిగించు మందుగాని, నాళమును తెరచు చికిత్సగాని ఎంత త్వరగా జరిగిన అంత మేలు. దారి దూరమును మనము తగ్గింపలేము. ఇంటివద్ద జరుగు ఆలస్యమును తగ్గింపగలము.

ఒక గృహమును తలచుకొందము. ఇల్లాలు పగలంతయు జీడిపిక్కలు కొట్టి ఇంటికి వచ్చినది. రొమ్ముమీద బరువు పెట్టినట్లున్నది; చల్లని చెమట పోయుచున్నది; దవడయు ఎడమచేయియు లాగుచున్నవి. భర్త అడిగినచో, "ఏమియు లేదు, వాయువు పట్టినది, వాము నీళ్లు త్రాగిన పోవును" అనును. అతడును సరేయని ఊరకుండును. ఇచ్చటనే రెండు గంటలు పోవును. స్త్రీలకును, మధుమేహము గలవారికిని ఒక్కొక్కప్పుడు నొప్పియే స్పష్టముగా ఉండదు. ఆయాసము, వాంతి, నీరసము, వీపునొప్పి మాత్రమే కనబడును. మన స్త్రీలకు బాధను చెప్పుకొనుటకంటె దాచుకొనుటయే అలవాటు. కావున "ఏమియు లేదు" అను మాటను నమ్మకుండుటయే భర్త చేయదగిన మొదటి సాయము. భర్త బాధను దాచినప్పుడు భార్యయు అట్లే చేయవలయును.

అట్టి గురుతులు కనబడినంతనే 108కి ఫోను చేయుడు. ఈ వాహన సేవ మన రాష్ట్రమున 2005లో ఆరంభమైనది, రుసుము లేదు. ఊరి పేరుతోపాటు దారిలోని గుడి, బడి, చెరువు గురుతులు చెప్పుడు. ఒక కుర్రవానికి లైటిచ్చి రోడ్డుమీదికి పంపుడు. రోగిని మోటారుసైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోవుట ప్రమాదకరము. దారిలో సొమ్మసిల్లినచో ఆపువారుండరు. నడిపింపవలదు. గోడకు దిండు చేర్చి, వీపు ఆన్చి, మోకాళ్లు మడచి కూర్చుండబెట్టి, బిగువు బట్టలు వదులు చేయుడు. తినుటకేమియు పెట్టవలదు. నొప్పి ఆరంభమైన వేళను కాగితముపై వ్రాయుడు. వైద్యుడు మొదట అడుగునది అదియే.

ఆస్పిరిన్ మాత్రను గూర్చి ఒక మాట. 1988లో వెలువడిన ఒక గొప్ప పరిశోధనలో 17,000 మందికి పైగా రోగులను పరీక్షింపగా, ఆస్పిరిన్ ఇచ్చినవారిలో మరణములు సుమారు అయిదవవంతు తగ్గెను. అయినను కడుపులో పుండు, రక్తస్రావము, ఆ మందు పడకుండుట మున్నగునవి గలవారికి అది హాని. కావున ఫోనులోని వైద్యసిబ్బందిని అడిగి, వారు సరేయనినచో 300 మిల్లీగ్రాముల మాత్రను నమిలి మ్రింగింపవలయును. పొరుగువారి గుండె మాత్రలు ఎన్నడును ఇయ్యరాదు.

మన ఉద్దానమునకు ప్రత్యేకముగా చెప్పవలసినది మరియొకటి కలదు. నీరసముగా నున్నవారికి కొబ్బరినీరు ఇచ్చుట మన ఆచారము. కొబ్బరినీటిలో పొటాసియము అను లవణము విశేషముగా ఉండును. మూత్రపిండములు చెడినవారి శరీరము దానిని బయటికి పంపలేదు. అది రక్తములో పెరిగి గుండె కొట్టుకొనుటనే తప్పించును. మూత్రపిండవ్యాధి మన పల్లెలలో ఎంత వ్యాపించినదో వేరుగ చెప్పనక్కరలేదు. పలాసలో 2023లో దానికై పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు తెరువబడినవి. కావున ప్రేమతో అందించు ఆ బోండమే ప్రాణాంతకము కావచ్చును. రోగికి ఆ వ్యాధి కలదని ఆసుపత్రిలో ముందుగా చెప్పుడు. వాడు మందులు, పాత చీట్లు, రక్తపరీక్ష కాగితములు, వైద్య పథకపు కార్డు ఒక్క సంచిలో వేసికొని పొండు.

రోగి స్పృహ తప్పి, శ్వాస ఆడకున్నచో ఏడ్చుచు నిలువరాదు. నేలపై వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ అరచేతి క్రిందిభాగము నుంచి, దానిపై రెండవ చేయి వేసి, రెండంగుళముల లోతు దిగునట్లు నిమిషమునకు 100 మొదలు 120 మార్లు నొక్కుచుండవలయును. అలసినచో మరియొకరు అందుకొనవలయును. అమెరికాలోని బాల్టిమోరు పరిశోధకులు 1960లో ప్రకటించిన ఈ పద్ధతికి ఏ పరికరమును అక్కరలేదు.

ఈ పనులన్నిటి నడుమ మనసునకు చేయవలసిన సేవ ఒకటి కలదు. గదినిండ బంధువులు చేరి రోదించుట రోగి భయమును పెంచును. ఒక్కరు చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండి, "బండి బయలుదేరినది, నేనిచ్చటనే ఉన్నాను" అని మెల్లగా చెప్పుచుండిన చాలును. "నాడే చెప్పితిని, వింటివా?" యను నిష్ఠూరమునకు అది వేళ కాదు.

మరియొక విధమైన నిరీక్షణ కలదు. నడచినప్పుడు రొమ్ము పట్టుట, ఆగిన తగ్గుట అను బాధతో వైద్యునికి చూపగా, పెద్ద పరీక్షకు పది దినముల తరువాత రమ్మందురు. ఆ పది దినములు దంపతులకు నిద్ర పట్టదు. అప్పుడు బరువులు మోయనీయక, వైద్యుడిచ్చిన మాత్రలు వేళకు అందించి, నొప్పి ఎప్పుడు, ఏ పనిలో, ఎంతసేపు వచ్చెనో వ్రాసి ఉంచవలయును. చుట్టయైనను, మన స్త్రీలు నిప్పును నోటిలో నుంచి కాల్చు అడ్డపొగయైనను మానవలయును. ఒకరు మానుటకు ఇద్దరును మానుట మేలు. ఊరక కూర్చుండినప్పుడు నొప్పి వచ్చినను, మునుపటికంటె తరచుగ వచ్చినను పరీక్ష దినమునకై ఆగక వెంటనే 108కి చెప్పుడు. ఒకమారు తీసిన ఇ.సి.జి. బాగున్నదన్నంత మాత్రమున నిశ్చింతగా ఉండరాదు. బాధ మరల వచ్చినచో మరల తీయింపవలయును. దగ్గర నుండి చూచువారికిని భయముండును. వారు దానిని దాచుకొనక ఒక అన్నతోనో, వదినతోనో చెప్పుకొనవలయును.

సహకారమనగా అప్పు, ఎరువు, విత్తనములు మాత్రమే కాదు. ప్రతి సంఘపు కార్యాలయపు గోడమీద, రాత్రివేళ పిలిచిన వచ్చు వాహనముగల సభ్యుల పేర్లును ఫోను నంబర్లును వ్రాయింపవచ్చును. రొమ్ము నొక్కు పద్ధతిని ఊరికి నలుగురు యువకులకైనను, నలుగురు స్త్రీలకైనను ప్రభుత్వాసుపత్రి వైద్యులచే నేర్పింపవచ్చును. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. వచ్చు సర్వసభ్య సమావేశములో ఈ సంగతిని తప్పక చర్చింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.