పట్టుగూళ్ల వ్యాపారము - ప్రభుత్వ నియంత్రణ

చిక్కబళ్ళాపురము, చింతామణి, బాగేపల్లి తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలో ఉండెడివి. ఆ యేడు చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా అయినది. పాలనభాష కన్నడమైనను బాగేపల్లి, చింతామణి పల్లెలలో ఇంటిమాట చాలవరకు తెలుగే. ఏడాది పొడవునా పారు నది ఈ సీమకు లేదు. నందికొండల సమీపమున పుట్టిన పెన్నగాని, బాగేపల్లి మీదుగా పోవు చిత్రావతిగాని వాన కురిసినప్పుడే నదులనిపించుకొనును. చెరువును, బావిని, తరువాత గొట్టపుబావిని నమ్ముకొన్న ఇచ్చటి రైతు కొద్దిపాటి నేలలో ఏడాదికి పలుమార్లు డబ్బు చేతికి వచ్చు పంటయని మల్బరీ తోటను, పట్టుపురుగును చేపట్టెను.

అయితే పట్టుగూడు ధాన్యము వంటిది కాదు. గాదెలో పోసి మంచి ధరకై వేచియుండుటకు వీలులేదు. పురుగు చంద్రికపై గూడు కట్టిన ఐదారు దినములకు గూళ్లను విడిపింపవలెను. మరికొన్ని దినములు జాగుచేసినచో లోపలి పురుగు రెక్కలు తొడిగి గూటిని తొలుచుకొని వెలువడును. తొలిచిన గూటినుండి తెగని దారము రాదు. వేడి తగిలించి లోని పురుగును చంపి గూటిని నిలువచేయు సాధనము దారము తీయు రీలరు వద్ద నుండునేగాని రైతు వద్ద నుండదు. నెలదినములు రాత్రింబవళ్లు ఆకు వేసి పెంచిన పంటను రెండుమూడు దినములలో అమ్మితీరవలసిన వానితో, ఆ గడువెరిగిన కొనుగోలుదారుడు బేరమాడినచో ఎవరిది పైచేయియో వేరుగ చెప్పనక్కరలేదు. తూకము వానిదే, ధర వానిదే, చెల్లింపు గడువును వానిదే.

ఈ స్థితిని మార్చుటకే మైసూరు రాష్ట్రమున 1959లో పట్టుపురుగుల విత్తనమును, గూళ్లను నియంత్రించు చట్టము చేయబడినది. దానిలో రెండు భాగములు కలవు. మొదటిది విత్తనమునకు సంబంధించినది. తల్లి చిలుకకు పెబ్రిన్ వ్యాధి యున్నచో గుడ్ల ద్వారా అది పిల్లపురుగులకు సంక్రమించి పంటయంతయు నాశనమగును. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రాన్సు పట్టు పరిశ్రమను కూలద్రోసినది ఈ వ్యాధియే. గుడ్లు పెట్టిన చిలుకను సూక్ష్మదర్శినితో పరీక్షించి, రోగములేని గుడ్లనే వాడవలెనని నేర్పినవాడు లూయీ పాశ్చర్. లైసెన్సు పొందినవారే గుడ్లు తయారుచేసి అమ్మవలెనను నియమమునకు మూలము ఇదియే. గుడ్డును చూచి మంచిచెడ్డలు చెప్పగల రైతు లేడు గనుక ఈ కట్టుబాటును కాదన్నవారు అరుదు.

వాదమంతయు రెండవ భాగముపైననే. గూళ్లను ప్రభుత్వ విపణిలోనే అమ్మవలెను. లైసెన్సుగల రీలరే కొనవలెను. ఇంటివద్ద అమ్మకము చట్టవిరుద్ధము. ఈ జిల్లాలోని శిడ్లఘట్ట విపణి, రామనగరము తరువాత, కర్ణాటకమున మిక్కిలి పెద్దది. రైతు తెచ్చిన గూళ్లు ఒక లాటుగా పరచబడును. రీలర్లు గూటిని వ్రేళ్లతో నొక్కి, చెవివద్ద ఆడించి, దారమెంత వచ్చునో అంచనా కట్టి పాట పాడుదురు. నోటిపాట స్థానమున ఇప్పుడు ఎలక్ట్రానిక్ వేలము వచ్చినది. ధర నచ్చనిచో నిరాకరించు హక్కు రైతునకు కలదు. కాని గూళ్లను తిరిగి ఇంటికి మోసికొనిపోవుట యెంతవరకు సాధ్యము? అయినను పదిమంది పోటీపడిన ధర, అందరియెదుట తూకము అను రెండు మేలులు సామాన్యమైనవి కావు. ప్రక్కలాటు ఎంత పలికినదో తెలిసిన రైతును మోసగించుట కష్టము.

రీలరు కథ వేరు. చరకాపై గాని, చిన్న బేసినులపై గాని దారము తీయువాడు పెద్ద పెట్టుబడిదారుడు కాడు. గూళ్లకు నగదు వెంటనే చెల్లింపవలెను. దారము అమ్మిన డబ్బు మాత్రము ఎప్పటికో చేతికందును. 1979లో చట్టమును సవరించి పట్టునూలును కూడ దాని పరిధిలోనికి తెచ్చి, బెంగుళూరిలో పట్టు ఎక్స్ఛేంజిని నెలకొల్పుట ఆ లోటు తీర్చుటకే. కాని గూటికి వలె నూలుకు గడువు లేదు. పెట్టెలో దాచి గుట్టుగా అమ్మవచ్చును. కావున గూళ్లపై పనిచేసిన నియమము నూలుపై అంతగా పట్టు చిక్కించుకొనలేకపోయినది. వస్తువు స్వభావమును బట్టియే చట్టము బలము ఉండుననుటకు ఇంతకన్న నిదర్శనము వెదకనక్కరలేదు.

ఇక ధర. విపణి ధరను తెలియజేయునేగాని దానిని నిర్ణయింపజాలదు. విదేశీ నూలుపై సుంకము ఢిల్లీలో నిర్ణయమగును. 1934లోనే దేశీయ పట్టునకు సుంకరక్షణ లభించినది. 2011 కేంద్ర బడ్జెటులో ముడిపట్టుపై దిగుమతి సుంకమును 30 శాతము నుండి 5 శాతమునకు తగ్గించిరి. చైనా నూలు చౌకయైనది. గూళ్ల ధరలు పడిపోయి కర్ణాటక రైతులు ఆందోళనకు దిగిరి. ఒక కిలో నూలుకు సుమారు ఏడు కిలోల గూళ్లు కావలెననుకొందము. అప్పుడు నూలు ధర ఏడువందల రూపాయలు దిగినచో రైతునకు కిలో గూటిపై నూరు రూపాయలు తగ్గును. వేలములో ఏ మోసమును జరుగలేదు, తూకము సరిగనే యుండెను. అయినను నష్టము తప్పలేదు. 2013లో సుంకమును మరల 15 శాతమునకు పెంచిరి.

తగ్గింపును కోరినవారును పరాయివారు కారు. నూలు ధర పెరిగినచో మగ్గము ఆగునని మొరపెట్టుకొను నేతవారిలో సరిహద్దు ఆవలి ధర్మవరమువారు కలరు. బాగేపల్లి మీదుగా సాగిన చిత్రావతియే దిగువకు పోయి ధర్మవరపు చెరువునకు నీరిచ్చును. ఎగువన గూళ్లు పండించువాడును, దిగువన చీర నేయువాడును తెలుగువారే; ఒకే సుంకము ఒకనికి అండ, మరియొకనికి భారము. 2011లో ఒకరు, 2013లో మరియొకరు ఊరట పొందిరి.