చూరు పట్టుకున్న క్యారియర్

బస్సుల టాపు మీద సామాను వేసే రోజుల్లో యలమంచిలి బస్టాండులో మామూలుగా కనబడే దృశ్యం ఇది. బస్సు వెనక నిచ్చెన మీద ఒకరు, కింద ఒకరు. కిందాయన సైకిలెత్తి అందిస్తే, పైనాయన హ్యాండిలు పట్టి లాగి టాపు మీద పడుకోబెట్టేవాడు. పాత సైకిల్ ట్యూబును సాగదీసి రెండు చుట్లు చుట్టి ముడేస్తే నర్సీపట్నం దాకా కదిలేది కాదు. ఆ ముడిలో ఒక ఇంజనీరింగ్ పాఠం ఉంది: సైకిలును మోయడం తేలిక, కదలకుండా పట్టుకోవడమే కష్టం.

కారు టాపు మీద క్యారియర్ కథ అంతా ఈ పట్టు కథే. అంబాసిడర్ కారుకు తలుపుల పైన, టాపు అంచు పొడవునా ఒక రేకు గాడి ఉండేది. తలుపు తీసినప్పుడు వాన నీళ్లు ఒళ్లో పడకుండా పక్కకు జార్చడం దాని పని. ఇంటికి చూరులాంటిదే అది. క్యారియర్ కాళ్లను ఆ గాడిలో నిలిపి, కింద నుంచి కొక్కెం తగిలించి బోల్టు బిగిస్తే సరి. కారుకు ఒక్క చిల్లు కూడా పెట్టక్కర్లేదు. బరువు పలచటి టాపు రేకు నడుమ కాక, గట్టిగా ఉండే అంచుల మీద పడేది. 2014 దాకా తయారైన ఆ కారు మీద పరుపులూ పెళ్లి సామాన్లూ సైకిళ్లూ ప్రయాణించింది ఆ చూరు పట్టుకునే.

స్వీడన్‌లో ఎరిక్ తులిన్ 1942లో చేపలు పట్టే బోనుతో మొదలుపెట్టిన తూలే సంస్థ కూడా 1960లలో కారు క్యారియర్లలోకి దిగింది. ఆ తర్వాత చమురు ధర మండింది. ఇంధనం ఆదా చేయడానికి, గాలికి అడ్డుపడే ప్రతి అంచునూ కార్ల కంపెనీలు నునుపు చేస్తూ వచ్చాయి. తలుపులు టాపులోకి వంపు తిరిగాయి, చూరు మాయమైంది. క్యారియర్ కొత్త పట్టు వెతుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు రబ్బరు పాదం టాపు అంచున ఆనుతుంది, సన్నటి ఉక్కు కొక్కెం తలుపు సందులోకి దిగి బిగుసుకుంటుంది. ప్రతి కారు వంపూ వేరు కాబట్టి ప్రతి మోడల్‌కూ వేరే కొక్కెం కావాలి.

చూరును తీసేయించిన గాలే క్యారియర్‌కు అసలు పరీక్ష. వేగం 40 కిలోమీటర్ల నుంచి 80కి పెరిగితే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి ఇంజన్ పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. బ్రేకు గట్టిగా వేస్తే 15 కిలోల సైకిలు సుమారు 12 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. లంబసింగి ఘాటు మలుపుల్లో అదే సైకిలు పక్కకు ఒరగాలని చూస్తుంది. నిలబెట్టిన సైకిలు బరువంతా టాపుకు అర మీటరు ఎత్తున ఉన్నట్టే కాబట్టి, చిన్న తోపు కూడా కింది బిగింపును గడ్డపారలా పెకలిస్తుంది.

అందుకే క్యారియర్ రూపొందించేవారు సైకిలును మూడు చోట్ల పట్టుకుంటారు: రెండు చక్రాలకు గాడి, ఫ్రేముకు ఒక చెయ్యి. ముందుచక్రం తీసి ఫోర్కునే బిగించే పద్ధతిలో ఎత్తు తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. వెల్డింగ్ షాపులో స్క్వేర్ పైపుతో చేయించుకునేవారు రెండు అడ్డ కడ్డీలను వీలైనంత ఎడంగా పెట్టించాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి అతుకులే ముందు తుప్పుపడతాయి, రంగు అక్కడ మందంగా పడాలి. క్యారియర్ బరువు, సైకిళ్ల బరువు కలిపి కారు పుస్తకంలో రాసిన హద్దు దాటకూడదు.

యలమంచిలిలో బయలుదేరితే అడ్డరోడ్డు దగ్గర టీకి ఆగండి. సైకిలు పట్టుకుని గట్టిగా ఊపండి. కారంతా దానితో పాటు ఊగితే పట్టు కుదిరినట్టు. సైకిలొక్కటే ఊగితే మాత్రం, టీ చల్లారినా సరే, ముందు బోల్టు బిగించండి.